ఉబ్బిన నరం ఊరికే ఉబ్బదు

మెదక్ డిపో కండక్టరు, బడి పంతులమ్మ, రాందాస్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబులు, టిఫిన్ సెంటర్‌లో పెనం ముందు నిలబడే మాస్టరు. పనులు వేరైనా పొద్దుగూకేసరికి వీళ్ల నోట వచ్చే మాట ఒక్కటే: "కాళ్లు ఒకటే గుంజుడు." కొందరి పిక్కల మీద నీలి నరాలు మెలికలు తిరిగి, తేలి కనిపిస్తాయి. డాక్టర్లు వెరికోస్ వీన్స్ అనే ఈ జబ్బు ముదిరితే, గజ్జ దగ్గర కోసి నరాన్ని లాగేసే ఆపరేషన్ ఒకప్పుడు తప్పేది కాదు. ఇప్పుడు సూది దూరేంత రంధ్రంతో పని జరిగిపోతోంది. మనం చూసి భయపడే నరం ఒకటైతే, వైద్యులు వెతికి మూసేది సాధారణంగా మరొకటి. ఆ వెతుకులాట చుట్టూ ఉన్న విశేషాలివి.

పిక్కలో రెండో గుండె

మనిషి నిలబడితే గుండెకూ చీలమండకూ మధ్య ఎత్తు సుమారు 1.2 మీటర్లు. అంత ఎత్తున నిలిచిన రక్తం బరువు వల్ల చీలమండ దగ్గరి సిరలో పీడనం దాదాపు 90 మి.మీ. పాదరసానికి చేరుతుంది. నాలుగడుగులు వేయగానే అదే పీడనం 30కి అటూఇటూగా పడిపోతుంది. కారణం పిక్క కండరం. అది బిగిసినప్పుడల్లా లోపలి సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. పైకి వెళ్లిన రక్తం కిందికి జారకుండా సిరల్లోని కవాటాలు మూసుకుంటాయి. కవాటం సరిగ్గా మూసుకోకపోతే రక్తం వెనక్కి దిగుతుంది, సిర గోడ సాగుతుంది. గోడ సాగితే పక్క కవాటం కూడా అందదు. అలా ఒకదాని తర్వాత ఒకటి చెడిపోతాయి. గంటల తరబడి కదలకుండా నిలబడితే వచ్చే నొప్పి, నడిస్తే తగ్గడానికి కారణం పిక్క కండరం చేసే ఈ పనే.

గురువు చూశాడు, శిష్యుడు గ్రహించాడు

సిరల్లోని కవాటాల మీద 1603లో ఓ పుస్తకం వెలువడింది. రాసింది ఇటలీలోని పాడువా నగరంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన ఫాబ్రీషియస్. రక్తమంతా ఒక్కసారిగా పాదాల్లోకి దిగిపోకుండా అడ్డుకునే తలుపులని ఆయన అనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న విలియం హార్వే మాత్రం ఆ తలుపులు ఒకవైపే తెరుచుకుంటాయని పట్టుకున్నాడు. శరీరంలో రక్తం చుట్టూ తిరుగుతుందని 1628లో నిరూపించాడు. ఆ ఆలోచన పుట్టించింది సిరల కవాటాలేనని హార్వే తనతో చెప్పినట్టు శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ రాసిపెట్టాడు.

సుశ్రుతుడి నుంచి ఏథెన్స్ దాకా

ఈ జబ్బు కొత్తది కాదు. సుమారు క్రీ.పూ. 1550 నాటి ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పాపిరస్, పాములా మెలికలు తిరిగిన నరాలను కోయవద్దని హెచ్చరించింది. సుశ్రుత సంహితలో 'సిరాజ గ్రంథి' అనే వర్ణన ఉంది. బలం లేనివాళ్లు శక్తికి మించి శ్రమిస్తే సిరలు బిగిసి ముడిలా ఉబ్బుతాయని సుశ్రుతుడు చెప్పాడు. ఏథెన్స్ పురావస్తు మ్యూజియంలో క్రీ.పూ. 4వ శతాబ్దం నాటి ఓ మొక్కుబడి శిల్పం ఉంది. అందులో ఓ మనిషి తనంత ఎత్తు కాలిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాలి మీద పైకి పాకిన నరాన్ని శిల్పి శ్రద్ధగా చెక్కాడు. వైద్యం చేసే దేవుళ్లకు అవయవాల బొమ్మలు మొక్కుకోవడం అక్కడా ఉండేదన్నమాట.

ఒక కాలు చాలన్న సేనాని

రోమన్ సేనాని మారియస్‌కు రెండు కాళ్లకూ ఈ నరాలుండేవి. మత్తుమందు లేని కాలం. రోగిని కట్టేసి కోసే రోజుల్లో, కట్లు వద్దని చెప్పి కాలు చాపి, మూలుగైనా లేకుండా కోత భరించాడట. వైద్యుడు రెండో కాలి దగ్గరికి రాగానే మాత్రం వద్దన్నాడు. అంత బాధ పడి సాధించే లాభం కాదని ఆయన తేల్చేశాడని జీవిత చరిత్రల రచయిత ప్లూటార్క్ రాశాడు.

పది రోజుల తేడా

వెనక్కి జారే రక్తాన్ని దాని మూలం దగ్గరే ఆపాలన్న ఆలోచనకు 1890 ప్రాంతంలో ఆపరేషన్ రూపం ఇచ్చినవాడు జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్. పిక్క మీది ఉబ్బును వదిలేసి తొడలోని పెద్ద సిరను ముడివేశాడు. తర్వాత 1905-07 మధ్య అమెరికాలో కెల్లర్, మేయో, బాబ్‌కాక్ ఆ సిరను పూర్తిగా లాగేసే పద్ధతులు తెచ్చారు. ట్రెండెలెన్‌బర్గ్ 1924 డిసెంబరు 15న కన్నుమూశాడు. సరిగ్గా పది రోజులకు, డిసెంబరు 25న, మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. ఆ చర్చికి ఇప్పుడు నూరేళ్లు దాటాయి. ట్రెండెలెన్‌బర్గ్ సూత్రం మాత్రం నేటికీ నడుస్తోంది; మారింది పనిముట్లే.

జిరాఫీకి ఎందుకు రాదు?

గుండెకూ గిట్టలకూ మధ్య మనకన్నా ఎంతో ఎక్కువ ఎత్తున్న జిరాఫీ కాళ్లు ఉబ్బవు. దాని కాళ్ల మీది చర్మం చాలా గట్టిగా, బిగుతుగా ఉండి లోపలి ద్రవాన్ని బయటికి ఊరనివ్వదు. మనిషికి అలాంటి తొడుగు చేసిపెట్టిన ఇంజినీరు పేరు కాన్రాడ్ జాబ్స్ట్. తానే కాళ్ల సిరల జబ్బుతో బాధపడేవాడు. ఈతకొలనులో నిలబడితే నొప్పి తగ్గడం గమనించాడు. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కదా, అదే లెక్కన చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ బిగువు ఉండే మేజోళ్లను 1950 ప్రాంతంలో తయారుచేశాడు. వాటిని పొద్దున మంచం దిగకముందే, కాళ్లు వాయకముందే తొడగాలి. రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలి. మెదక్ మే నెల ఎండలో వీటిని భరించడం కష్టమే. అయితే అవి నొప్పిని, వాపును అదుపులో ఉంచుతాయే తప్ప చెడిన కవాటాన్ని బాగుచేయలేవు.

ఆడవాళ్ల జబ్బేనా?

ఆస్పత్రికి వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారని ఈ పేరు పడింది. ఎడిన్‌బరో నగరంలో 18 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,566 మందిని పరీక్షించి 1999లో ప్రకటించిన లెక్క వేరేలా ఉంది. పెద్ద సిరల ఉబ్బు మగవాళ్లలో 40 శాతం, ఆడవాళ్లలో 32 శాతం. మగవాళ్లు ప్యాంటు వెనక దాచుకుని తిరుగుతారు, అంతే. గర్భిణులకు రావడానికి మాత్రం ప్రత్యేక కారణాలున్నాయి: ఒంట్లో రక్తం పెరుగుతుంది, హార్మోన్ల వల్ల సిర గోడలు వదులవుతాయి, కడుపులోని బరువు పొత్తికడుపు సిరలను నొక్కుతుంది. కాన్పయిన కొన్ని నెలల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. అందుకే అప్పటిదాకా సిరను మూసే లేజర్ చికిత్స జోలికి పోరు.

బీడీ నొప్పి వేరు, బోదకాలు వేరు

కాలి నొప్పులన్నీ ఒక గాటన కట్టకూడదు. నిలబడితే పెరిగి, నడిస్తే లేదా కాళ్లు ఎత్తి పెడితే తగ్గే బరువు, గుంజుడు సిరల జబ్బు లక్షణం. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోయే నొప్పి ధమనులు పూడుకుపోయినప్పటిది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు ఇది వచ్చే ముప్పు ఎక్కువ. వీళ్లు డాక్టరును అడగకుండా బిగుతు మేజోళ్లు వేసుకుంటే, అసలే తక్కువగా అందే రక్తం ఇంకా తగ్గిపోతుంది. బోదకాలు మూడో రకం. దోమకాటుతో వచ్చే పురుగులు శోషరస నాళాలను దెబ్బతీస్తే పాదం మీద నుంచి వాపు మొదలవుతుంది. ఒక కాలు ఉన్నట్టుండి వాచి, నొప్పెట్టి, ఆయాసం కూడా వస్తే లోపలి సిరలో గడ్డ కట్టిందేమోనని ఆ గంటలోనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

అర సెకను తీర్పు

అసలు దోషి ఎక్కడుందో చెప్పేది డాప్లర్ స్కాన్. కడుపులో బిడ్డను చూసే అల్ట్రాసౌండే, రక్తం ఎటు పోతోందో కూడా చూపిస్తుంది. ఈ పరీక్షలో రోగిని నిలబెట్టి చూడటం ముఖ్యం. పిక్క నొక్కి వదలగానే రక్తం వెనక్కి మళ్లుతుందా అని గమనిస్తారు. చర్మం కింది సిరల్లో ఆ వెనక్కి జారడం అర సెకను దాటితే కవాటం చెడినట్టే. మోకాలి కింద ఉబ్బిన నరానికి మూలం చాలాసార్లు గజ్జ దగ్గర తేలుతుంది. మూలాన్ని వదిలేసి కింది ఉబ్బును మాత్రమే తీసేస్తే కొన్నాళ్లకు పక్కనే మరో నరం లేస్తుంది.

సున్నా నుంచి ఆరు దాకా

1994లో హవాయిలో సమావేశమైన నిపుణులు ఈ జబ్బుకు మెట్లు కట్టారు. సున్నాలో పైకి ఏమీ కనిపించదు. ఒకటిలో సాలెగూడు లాంటి సన్న గీతలు. రెండులో 3 మి.మీ. పైబడిన ఉబ్బు నరాలు. మూడులో వాపు. నాలుగులో చర్మం రంగు, తీరు మారతాయి. ఐదంటే మానిన పుండు, ఆరంటే మానని పుండు. నాలుగో మెట్టులో చీలమండ లోపలి వైపు కనిపించే గోధుమ రంగు మచ్చను చాలామంది దుమ్మో, ఎండ దెబ్బో అనుకుంటారు. సిరలోంచి బయటికి ఊరిన ఎర్ర రక్తకణాలు చితికి మిగిల్చిన ఇనుము రంగది. సబ్బుతో రుద్దితే పోదు.

క్లోరోఫాం హైదరాబాదు

మెదక్ నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో మత్తుమందు చరిత్రలో హైదరాబాదు పేరు మోగింది. క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో ఒకటి, 1889లో మరొకటి కమిషన్లు పనిచేశాయి. డబ్బిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. హైదరాబాదుకే చెందిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. ఇప్పటి సిరల చికిత్సకు పూర్తి మత్తు అవసరం పడటమే అరుదు. అమెరికా చర్మ వైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రకటించిన పద్ధతిలో, బాగా పలచబరిచిన మత్తుమందు కలిపిన సెలైన్‌ను సిర చుట్టూ ఎక్కిస్తారు. అది నొప్పి తెలియనివ్వదు, సిరను నొక్కి సన్నబరుస్తుంది, సిరను మూయడానికి వాడే వేడి చుట్టుపక్కలకు పాకకుండా కాపాడుతుంది. ఒక్క ఇంజెక్షన్‌కు మూడు పనులు.

కోయకుండా మూసేయడం

మోకాలి దగ్గరో, దానికి కిందో సూదితో సిరలోకి దారి చేస్తారు. స్కాన్ తెర మీద చూస్తూ సన్నటి తీగను గజ్జ దాకా పంపుతారు. లేజర్ అయితే తీగ కొస నుంచి వచ్చే కాంతి వేడి పుట్టిస్తుంది. స్పెయిన్ వైద్యుడు కార్లోస్ బోనే 1999లో దీన్ని వెలుగులోకి తెచ్చాడు. రేడియో తరంగాల పద్ధతిలో 7 సెం.మీ. పొడవున్న కొసను 120 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, ఒక్కో భాగాన్ని 20 సెకన్ల చొప్పున మూసుకుంటూ వెనక్కి లాగుతారు. సిర గోడలు ముడుచుకుని అతుక్కుపోతాయి. కొన్ని నెలల్లో ఒళ్లే దాన్ని సన్నటి పోగుగా మార్చేస్తుంది. సాధారణంగా అదే రోజు నడిచి ఇంటికి వెళ్లొచ్చు. కొన్నాళ్లు కమిలిన మచ్చలు, లాగుతున్నట్టు నొప్పి ఉంటాయి. కొందరికి చర్మం మీద కొంత మేర స్పర్శ తగ్గుతుంది. లోపలి సిరలో గడ్డ కట్టే ముప్పు అరుదు, కానీ ఉంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శక సంస్థ 2013లో ఈ వేడి పద్ధతులకే మొదటి పీట వేసింది. ఆ తర్వాత సిరలోకి ఎక్కించే నురగ మందు, అదీ కుదరకపోతే ఆపరేషన్.

చాయ్ తిరగబోసినట్టు

మందును నురగ చేసి సిరలోకి ఎక్కించడం ఇంకో దారి. ఇటలీకి చెందిన లొరెంజో టెసారి 2000లో చూపిన ఉపాయం భలే తేలిక. రెండు సిరంజీలను మూడు దారుల కుళాయికి బిగించి, ఒకదాంట్లో మందు, ఒకదాంట్లో గాలి పెట్టి, హోటల్లో చాయ్ తిరగబోసినట్టు అటూ ఇటూ ఇరవై సార్లు తోస్తే చిక్కటి నురగ వస్తుంది. ఇందుకు వాడే పాలిడోకనాల్‌ను మొదట స్పర్శ పోగొట్టే మందుగా తయారుచేశారు. నురగ రక్తాన్ని పక్కకు నెట్టి సిర గోడను తాకుతుంది, గోడ దెబ్బతిని మూసుకుంటుంది. ఖర్చు తక్కువ, మెలికల్లోకీ పోతుంది. కానీ బ్రిటన్‌లో 798 మంది మీద జరిపిన అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత చూస్తే, నురగ కన్నా లేజర్, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే ఎక్కువ సుఖంగా ఉన్నారు.

జిగురుతో, కొక్కెంతో

1942లో తుపాకీ గురిపెట్టే పరికరాలకు పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతున్న రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్‌కు చేతికి అంటుకుని వదలని పదార్థం ఒకటి దొరికింది. సూపర్ గ్లూ కుటుంబం అది. వియత్నాం యుద్ధంలో గాయాల రక్తం ఆపడానికి దాన్ని చల్లారు. అదే జాతి జిగురుతో సిరను అతికించే పద్ధతికి అమెరికా 2015లో అనుమతిచ్చింది. వేడి ఉండదు కాబట్టి సిర పొడవునా మత్తు ఇంజెక్షన్లూ ఉండవు. ఇక పైకి తేలిన మెలికలను తీసేయాలంటే స్విట్జర్లాండ్ చర్మ వైద్యుడు రాబర్ట్ ముల్లర్ 1956లో మొదలుపెట్టిన పద్ధతి ఉంది. రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి, సన్నటి కొక్కెంతో నరాన్ని బయటికి లాగుతారు. కుట్లు కూడా పడవు.

మూసేస్తే రక్తం ఎటు పోతుంది?

అందరికీ వచ్చే సందేహమే. కాలి రక్తంలో దాదాపు 90 శాతం కండరాల మధ్యనుండే లోతు సిరల ద్వారానే పైకి వెళ్తుంది. చర్మం కింది పెద్ద సిర మన ఒంట్లో అన్నిటికన్నా పొడవైంది. చీలమండ నుంచి గజ్జ దాకా ఉంటుంది. 1967లో సర్జన్ రెనె ఫావలోరో కాలి సిరతో గుండె బైపాస్ చేసినప్పటి నుంచి లక్షల మంది దాన్ని గుండెకు ఇచ్చేసి హాయిగా నడుస్తున్నారు. చెడిన సిర మోసేదానికన్నా వెనక్కి జార్చేదే ఎక్కువ కాబట్టి దాన్ని మూస్తే కాలికి మేలే. అయితే లోతు సిరలు బాగున్నాయని ముందే డాప్లర్‌లో నిర్ధారించుకోవాలి.

ఏళ్లనాటి పుండు

పసుపు పెట్టినా, ఆకు పసరు కట్టినా, ఎన్ని ఆయింట్‌మెంట్లు మార్చినా చీలమండ పక్కన పుండు మానదు. పైన పీడనం అలాగే ఉంటే కింద కట్లు ఎన్ని కట్టినా మళ్లీ ఊరుతుంది. బ్రిటన్‌లో 450 మంది మీద జరిపి 2018లో ప్రకటించిన ఎవ్రా అధ్యయనం ఈ సంగతి తేల్చింది. బిగుతు కట్లతో పాటు వెంటనే సిరను మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. చికిత్స వాయిదా వేసినవాళ్లలో అందుకు 82 రోజులు పట్టింది.

నరం చిట్లితే

పలచబడిన చర్మం కింది నరం గోరు తగిలినా చిట్లవచ్చు. రక్తం చిమ్ముతుంటే కంగారుపడి కుర్చీలో కూర్చోకండి. నేల మీద పడుకోబెట్టి, కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో చిట్లిన చోటే గట్టిగా నొక్కిపట్టాలి. తువ్వాలుతో తొడకు బిగించి కట్టడం పొరపాటు. సిర రక్తం పైకి పోలేక ఇంకా కారుతుంది. ఆగాక ఆస్పత్రికి వెళ్లాలి.

ఖిల్లా మెట్లూ వైద్యమే

చికిత్స తర్వాత మంచమెక్కమని ఏ డాక్టరూ చెప్పరు. నడవమంటారు. పిక్క కండరానికి పని పెట్టడమే దాని ఉద్దేశం. కోలుకున్నాక మెదక్ ఖిల్లా మెట్లు ఎక్కినా మంచిదే. కొట్టులో, క్లాసులో నిలబడేవాళ్లు మధ్యమధ్య మడమలెత్తి దించినా ఫలితం ఉంటుంది. మూసిన సిర మళ్లీ తెరుచుకోవడం తక్కువే కానీ, కుటుంబంలో జబ్బు ఉన్నవాళ్లకు కొన్నేళ్లకు వేరే సిరలో రావచ్చు.

హైదరాబాదు బండెక్కే ముందు

మొదటి పరీక్షకే రాజధానికి పోనక్కర్లేదు. మెదక్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో మొదలైంది. అక్కడి సర్జన్‌కు ముందు చూపించుకోవచ్చు. పెద్ద చికిత్సకు హైదరాబాదు నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది. తిరుగు ప్రయాణం సుమారు వంద కిలోమీటర్లు. బస్సయితే నర్సాపూర్‌లో దిగి కాస్త తిరగండి. 2022 సెప్టెంబరు నుంచి కాచిగూడ రైలు కూడా ఉంది, పెట్టెలో అటూఇటూ నడవొచ్చు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని చేరకముందే ఆరోగ్యమిత్రను అడగండి. డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగండి: రక్తం ఎక్కడి నుంచి వెనక్కి జారుతోంది, లోతు సిరలు బాగున్నాయా, నాకు ఈ పద్ధతే ఎందుకు, చేయించుకోకపోతే ఏమవుతుంది? నిలబెట్టి డాప్లర్ చేయకుండానే ప్యాకేజీ రేటు చెప్పేచోట మాత్రం డబ్బు కట్టకండి.